సగం తిట్టు

ఆస్పత్రిలో గొట్టం ఊదించే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ ఒక చెవి ఉంది. పొద్దున్నే మనిషి ఒక్క గుక్కలో ఎంతసేపు మాట్లాడితే ఊపిరితిత్తులు అంత బాగున్నట్టు. గుక్క చాలక దాని ఎర్రదీపం వెలిగిందా, మధ్యాహ్నానికల్లా ఆస్పత్రి బండి గుమ్మంలో ఉంటుంది.

ఊరికే మాట్లాడమంటే సామ్రాజ్యం నోరు విప్పదు. అందుకే ఆమె మొగుడు పేరయ్య రోజూ ఏదో ఒక తప్పు చేస్తాడు. ఇవాళ తడి తువ్వాలు పరుపు మీద పడేశాడు.

"ఏవయ్యా, బుద్ధుందా? ఎన్నేళ్లొచ్చినా చెప్పించుకోడమేనా? నిన్ను కట్టుకున్న పాపానికి..."

అక్కడ గుక్క తెగింది. ఆమె దగ్గుతూ మంచం మీద కూలబడింది. ఎర్రదీపం వెలిగింది.

పేరయ్యకు గుంటూరు మిరపయార్డు గుర్తొచ్చింది. ఆ ఘాటులో కూర్చుని కాయలకు తొడాలు తీస్తూనే, ఈ గేటు నుంచి ఆ గేటుకు వినపడేలా తిట్టేది సామ్రాజ్యం. ఆ తిట్టు కోసమే అతను కావాలని ఆమె దారికి అడ్డంగా బస్తాలు దించేవాడు.

పక్కన కూర్చుని మిగతా తిట్టు తానే అందుకున్నాడు. "నా నడుం పడిపోయింది, జుట్టు నెరిసింది, నీకంటే ఆ గోడ నయం, చెబితే వింటది!"

గోడ ఒప్పుకోలేదు. దీపం ఎర్రగానే ఉంది.

"ఆఖరి మాట మర్చిపోయావ్," అంది సామ్రాజ్యం రొప్పుతూ.

"అది నీకే ఒదిలా. నిదానంగా అను."

"దున్నపోతా," అంది ఆమె, గోడకు వినపడనంత మెల్లగా.