సన్న తీగ

కరెంటు పోయింది. రెండు క్షణాలు చీకటి. అంతలో ఇన్వర్టర్ అందుకుంది. ఆపరేషన్ దీపం వెలిగింది.

"చూస్తివా రాఘవులూ, నీ చేతిపని!" డాక్టర్ శ్రీకుమార్ మాస్కు వెనక నవ్వాడు. "జార్జి టౌన్ అంతా విసనకర్రలు ఊపుకుంటా ఉంటే, ఈడ మనం దర్జాగా ఆపరేషన్ నడిపిస్తా ఉండాం."

వీరరాఘవులు నవ్వలేకపోయాడు. అందరిలాగే అతని తలకూ గుడ్డ టోపీ. ఎదురుగా అడ్డం కట్టిన ఆకుపచ్చ గుడ్డ. దాని అవతల, తెరిచిన కడుపు. అది తలుచుకోకుండా గోడమీది స్విచ్చిబోర్డు వైపే చూస్తున్నాడు.

ఈ నర్సింగ్‌హోమ్‌కి వైరింగ్ చేసింది అతనే. మూడు అంతస్తులకు మూడు ఫేజులు, కరెంటు తిరిగొచ్చేందుకు అన్నిటికీ కలిపి ఒకటే సన్న న్యూట్రల్ తీగ. అందరూ అట్లే చేస్తారు. మామూలు కరెంటులో మూడు ఫేజుల భారాలు న్యూట్రల్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తర్వాత పెద్ద ఇన్వర్టర్ వచ్చింది. మూడు లైన్లూ దానికే కలిపాడు. తీగ మార్చలేదు.

ఇన్వర్టర్ మీద మూడు భారాలూ కూడుకుని ఆ ఒక్క తీగలోంచే తిరిగి రావాలి. అంబత్తూరులో ఒక కార్ఖానాలో మాడిపోయిన తీగ చూసేదాకా ఆ సంగతి అతనికి తట్టలేదు. వచ్చి ఒప్పుకుంటే ఇరవై ఏళ్ళ పేరు పోతుంది. ఆరు నెలలుగా ఈ మెట్లెక్కలేదు. ఇవాళ తప్పలేదు.

పది నిమిషాలైతే పర్వాలేదు. ఇరవై దాటితే తీగ తెగుతుంది. డాక్టరు చేతిలో కత్తి చీకట్లో ఉంటుంది.

పదిహేను నిమిషాలయ్యాయి. దీపం మినుక్కుమంది. ఏదో కాలుతున్న వాసన. తన ఒక్కడికేనా? కరెంటు వచ్చేస్తుందేమో. ఇంకొక్క నిమిషం. లేచి పారిపోవాలనిపించింది. కాళ్ళు తనవి కానట్టున్నాయి.

"ఏంది, ఇన్ని చెమటలు?" సిస్టర్ కస్తూరి అతని నుదురు తుడిచింది. "కరెంటుకి భయపడనోడివి, నెత్తురికి భయపడతావా?"

దీపం మళ్ళీ మినుక్కుమంది.

"సార్!" అన్నాడు వీరరాఘవులు. "పైన ఫ్యాన్లన్నీ ఆపించండి సార్. న్యూట్రల్ కాలతా ఉంది. తప్పు నాదే."

కస్తూరి పైకి పరిగెత్తింది. కాసేపటికి దీపం నిలకడగా వెలిగింది.

"నీకు ముందే తెలుసునా?"

"ఆరు నెలలుగా, సార్."

శ్రీకుమార్ సూదిలో దారం ఎక్కించుకుని, గుడ్డ అవతల వీరరాఘవులు కడుపుకి కుట్లు వేయడం మొదలుపెట్టాడు.