మైనస్ నలభై

జాకీ రాడ్డు దెబ్బకు మెకానిక్ నిరంజన్ కుడి మోచెయ్యి విరిగింది.

"మూడుసార్లు బాగుచేశానన్నావు. మూడుసార్లూ కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. కొత్త సామాను పీకి పాతది పెట్టావు కదరా, దొంగా!" అంటూ చంద్రరావు మళ్ళీ రాడ్డు ఎత్తాడు.

"చంపితే చంపండి గానీ దొంగననకండి. రాజమండ్రి నుంచి కారులో లోపం కనిపెట్టే మిషను తెచ్చాను. ఒక్కసారి చూడండి."

నిరంజన్ నొప్పికి పళ్ళు బిగించి, ఎడమచేత్తో మిషను వైరు కారుకు తగిలించాడు. తెర మీద మైనస్ నలభై అని పడింది.

"ఏంటిది?"

"ఇంజన్లోకి వెళ్ళే గాలి వేడండి. పెద్దాపురం ఎండలో మైనస్ నలభయ్యా? వేడి చెప్పే సెన్సరు వైరు తెగిందండి. మంచులో ఉన్నాననుకుని ఇంజను పెట్రోలు తెగ తాగేస్తోంది. అందుకే ఆ నల్లపొగ, ఆగిపోవడం."

"మరి ముందే చూడలేదేం?"

నిరంజన్ బానెట్టు లోపలికి చూపించాడు. గాలి గొట్టం చుట్టూ ఎర్రగుడ్డ ముడుపు బిగించి ఉంది. కొత్త కారుకు ఏ ఆపదా రాకూడదని పోయిన జాతరకు మరిడమ్మ పేరున చంద్రరావే కట్టాడు.

"సెన్సరు దాని కిందే ఉందండి. తప్పు అక్కడుందని మిషను చెప్పేదాకా తెలియలేదు. అన్నీ విప్పి చూశాను, అదొక్కటే ముట్టుకోలేదు. కట్టినవారు కాక ఇంకొకరు విప్పితే ఆ ఇంటికి మంచిది కాదంటారు. మీకు పసిపిల్లలున్నారు కదండి."

రాడ్డు కింద పడింది. చంద్రరావు ముడి విప్పబోయాడు. అది బిగుసుకుపోయి ఊడిరాలేదు.

"కాస్త పట్టుకో నాయనా."

"మీ చెయ్యి మాత్రం తియ్యకండి" అంటూ నిరంజన్ ఎడమచేత్తో ఒక కొస పట్టుకున్నాడు. కుడి చెయ్యి లేవలేదు.