పడవకో చేప

"అది నాది," అన్నాడు ముసలాయన.

పడవ ఇంకా ఒడ్డు తాకనే లేదు. తట్టలో అయిదు కిలోల బొచ్చె చేప ఎగిరెగిరి పడుతోంది. దాని మీదికి శాంభవి చెయ్యి, హనుమయ్య చెయ్యి ఒకేసారి వెళ్ళాయి.

"నిన్ననే చెప్పిపెట్టుకున్నానండీ," అంది శాంభవి.

"చెప్పుకుంటే సరిపోద్దా అమ్మాయ్? వల బాగుచేసింది నేను."

పడవ అంతోనిది. తల గోక్కున్నాడు.

"అది ఆయన కూలీ అండి మేడమ్. ఏడాదంతా మా పద్నాలుగు పడవల వలలూ అల్లిపెడతాడు. రూపాయి ముట్టడు. కొత్త నీరు దిగ్గానే పడవకో చేప. అదీ ఆయన ఏరుకున్నదే."

"ఏరేది గుడ్లున్న పెద్దదేగా!"

"చిన్నది ఏరుకోడానికి ఆయనకేమన్నా పిచ్చా అండి?" అని అంతోని పగలబడి నవ్వాడు.

హనుమయ్య నవ్వలేదు. సైకిల్ వెనక కట్టిన నీళ్ళ డ్రమ్ములో చేపను దించాడు. పైన తడి తుండు కప్పి, ఏటి గట్టున ఎగువ వంపు వైపు వెళ్ళిపోయాడు.

శాంభవి విసవిసా ఆటో ఎక్కింది.

భవానీపురంలో ఆమెది రెండు గదుల కార్ఖానా. చేపలు కోసేవాళ్ళు పారేసే తోళ్ళు తెచ్చి, పొలుసు గీకి, సున్నంలో నానేసి, తుమ్మచెక్కతో పదునుచేసి, హ్యాండ్‌బ్యాగులు కుట్టిస్తుంది. బెంగళూరు షాపు ఒకటి నలభై బ్యాగులు అడిగింది. ఆగస్టు ఆఖరుకి అందాలి. నచ్చితే ఏటేటా ఆర్డరు. లేదంటే కార్ఖానాకి తాళం.

"ఇంకో ముప్పై తోళ్ళన్నా కావాలమ్మా," అంది కుట్టుపని చేసే తెరేసమ్మ. "పెద్దవి తేవాలి. చిన్న చేప తోలు పర్సుక్కూడా రాదు."

శాంభవికి కాలు నిలవడం లేదు. పడవలకన్నా ముందే రేవుకొచ్చి ఇసుకలో అటూ ఇటూ తిరిగేది. ఎంత ముందొచ్చినా ముసలాయన అప్పటికే గొడుగు పాతుకుని వల అల్లుతూ ఉండేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"ఆ చేపలు ఏ హోటలుకిస్తున్నారు తాతగారూ? కనీసం తోళ్ళయినా నాకిప్పించండి."

"హోటలుకా?" అన్నాడాయన. ఎండలో నిలబడిందని పక్కకి జరిగి, గొడుగు కింద చోటిచ్చాడు.

ఆ చోటు ఆమెకు అక్కర్లేకపోయింది.

మూడోరోజు ఆటోలో పద్నాలుగు కొత్త వలలు దింపింది.

"ఇవి మీకే అంతోనీ. ఊరికే. చిరిగితే పారేయండి, ఇంకోటి తెస్తా. పెద్ద చేపలు మాత్రం నాకే."

అంతోని వలను చేత్తో సాగదీసి చూశాడు.

"కన్ను మరీ చిన్నదండీ."

"మంచిదేగా? ఇంకా ఎక్కువ పడతాయి."

"పడకేం. దోమ కూడా తప్పిపోదు."

మర్నాడు హనుమయ్య కొత్త వల పట్టుకుని, కన్నులో వేలు దూర్చాడు. రెండో వేలు దూరలేదు.

"ఎవరి తెలివి ఇది?"

అంతోని శాంభవి వైపు చూశాడు. ముసలాయనా చూశాడు. కోప్పడతాడనుకుంది. ఆయన గొడుగు ముడిచి, సైకిల్‌కి కట్టుకుని వెళ్ళిపోయాడు. డ్రమ్ము ఖాళీగా గలగలలాడుతూ పోయింది. మళ్ళీ రేవుకి రాలేదు.

నలభై బ్యాగులూ గడువులోగా బెంగళూరు చేరాయి. మరుసటి ఏడు ఎనభై అడిగారు. తోళ్ళు అతికించి, ముక్కలు కలిపి, ఎలాగో కుట్టించింది. ఆ పై ఏడు రెండొందలన్నారు.

కొత్త నీరు ఎర్రగా దిగింది. పడవలొచ్చాయి. తట్టల నిండా అరచేయంత చేపలు.

"పెద్దవేవీ అంతోనీ?"

"రేవుకి దిష్టి కొట్టిందండి. ముసలాయన ఉన్నప్పుడు ఇట్టా లేదు."

శాంభవి పది రోజులు చూసింది. ఇంకో రెండు రేవులు తిరిగింది. ఇంట్లో కూర్చోలేదు, కార్ఖానాలో నిలబడలేదు. తెరేసమ్మ మిషను మీద గుడ్డ కప్పేసిన రోజున ఆమెకు ఒకటే తోచింది. ఆయన ఇంకో మంచి రేవు పట్టుంటాడు. పెద్ద చేపలెక్కడున్నాయో ఆయనకే తెలియాలి.

వాకబు చేసుకుంటూ ఇబ్రహీంపట్నంలో ఇల్లు పట్టుకుంది. హనుమయ్య అరుగు మీదున్నాడు. ఆమెను చూసి లోపలికెళ్ళి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చాడు.

"ఎండన పడి వచ్చావే. ముందు తాగు."

ఆమె తాగలేదు.

"అప్పుడు తప్పు చేశాను తాతగారూ. మీరు రేవుకి రండి. ఆ వలలు తీయించేస్తాను, మీరల్లినవే వేయిస్తాను. పడవకో చేప మీదే. కాదు, రెండు తీసుకోండి. ఏ హోటలుకైనా ఇచ్చుకోండి, నేనడగను. పెద్ద చేపలు ఎక్కడ పడతాయో ఒక్కటి చెప్పండి చాలు."

"మన రేవులో పడట్లేదా?"

"ఒక్కటీ లేదు."

"గుడ్లతో ఉన్నవి?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

హనుమయ్య అరుగు మీద కూలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదమ్మా. చెబితే ఎగువ వంపులోనూ వలలేస్తారని భయం."

"ఏం చెప్పలేదు?"

"పదకొండేళ్ళు కూలీ కింద తీసుకున్న తల్లి చేపలన్నిటినీ, గుడ్లు పెట్టుకోమని ఆ వంపు దగ్గర ఏట్లోకే వదిలేవాణ్ణి... ఇప్పుడొచ్చి ఏం వదలనమ్మా?"