ఆరు పాయింట్ ఒకటి

శుక్రవారం ఉదయం 11.20కి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. పేరు రామూర్తి, వయసు 38, క్రియాటినిన్ 6.1. ఇరవై నిమిషాల తర్వాత గుజరాత్ బోటు జాబితాలో అతని పేరు కొట్టేశారు.

క్రియాటినిన్ 1.3 లోపు ఉండాలి. ఎక్కువైతే కిడ్నీలు చెడుతున్నట్టు. ఉద్దానంలో ఈ లెక్క పిల్లలకు కూడా తెలుసు.

వజ్రపుకొత్తూరు వైపు తీరంలో ఉన్న రామూర్తి ఊరి మగవాళ్లు ఏటా ఆగస్టులో గుజరాత్‌కు చేపల వేటకు వెళ్తారు. ఎనిమిది నెలలు అక్కడే ఉంటారు. నిరుడు ఇద్దరు బోటు మీదే పడిపోయారు. ఇద్దరికీ కిడ్నీలే. అందుకే ఈసారి బోటు యజమాని ముందు రిపోర్టు పంపమన్నాడు.

రామూర్తి ఇంట్లో ఐదుగురు. అతను, భార్య సుభద్ర, తల్లి సన్యాసమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. ఇక్కడి సముద్రంలో రెండేళ్లుగా వేట లేదు. కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో సుభద్రకు వారానికి మూడు రోజులే పని. కోటా బియ్యం ఇరవయ్యో తారీఖుకు అయిపోతాయి. రామూర్తి బోటెక్కితే ఆ తర్వాత పది రోజులూ అన్నం ఉంటుంది. ఎక్కకపోతే గంజి.

బుధవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర రామూర్తి ముద్ద కలిపి, కంచంలోనే వదిలేశాడు.

"నాన్నకొచ్చింది. అన్నకొచ్చింది. ఇంక నా వంతే" అన్నాడు.

"నోర్ముయ్యి మావా. ముందు తిను." సుభద్ర తన కంచంలోని అన్నం అతని కంచంలోకి తోసింది.

"మరి నీకో?"

"నాకు ఆకలి నేదు."

"నెల్లాళ్ల బట్టి ఇదే పాట" అంది సన్యాసమ్మ. "నా కోడలు తిండి మానీసి కోటా బియ్యం మిగల్సుతాంది. గవర్మెంటోళ్లకి తెలిస్తే కార్డు పీకేత్తారు."

పిల్లలు నవ్వారు. సుభద్రా నవ్వింది.

"నాకేటత్తా, గట్టి పిండాన్ని. పిల్లలు పుట్టినప్పుడు తప్ప మంచమెక్కినానా?"

గిన్నెలు తీయడానికి లేస్తూ గోడ పట్టుకుంది. ఆమె చెప్పులు పెరట్లో మూలన పడి ఉన్నాయి. పాదాలు వాచి, అవి పట్టడం లేదు. ఫ్యాక్టరీలో రోజంతా కాళ్లు వేలాడేసి కూర్చుంటే అంతేనని తోటి ఆడవాళ్లు అన్నారు. ఆమె కూడా అదే అనుకుంది.

పెరట్లోకి వచ్చిన రామూర్తితో, "రిపోర్టు బాగానే వత్తాది. ఆ పూచీ నాది" అంది.

గురువారం ఉదయం ఏడింటికి అశ్విని స్కూటీ మీద వచ్చింది. ఆమె సుభద్ర పిన్ని కూతురు. కాశీబుగ్గలో ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. బోటుకు వెళ్లే పద్నాలుగు మందికీ ఇంటింటికీ వెళ్లి రక్తం తీసే పని ఆమెకే అప్పగించారు.

లోపలికి వచ్చి, "తలుపు దగ్గరికెయ్యి బావా" అంది.

"సూదికి తలుపెందుకే?" అరుగు మీద నుంచి సన్యాసమ్మ అడిగింది.

"నీ కొడుక్కి రగతం సూత్తే కళ్లు తిరుగుతాయట అత్తా."

"ఓలమ్మో! తుపానుకి బెదరనోడికి సూదంటే బయమా!"

ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. అశ్విని చిన్న సీసా మీద రామూర్తి పేరు రాసి ఐసు పెట్టెలో పెట్టింది.

"బెంగెట్టుకోకు బావా. ఒకటి కూడా దాటదు, సూడు" అని బండి ఎక్కింది.

రామూర్తి ఆ రోజే సంచి సర్దుకున్నాడు. రెండు లుంగీలు, స్వెట్టరు, పిల్లల ఫొటో. మధ్యాహ్నం రెండు పూటల బియ్యం ఒకేసారి వండించాడు.

శుక్రవారం కబురు తెచ్చింది బోటు నడిపే సరంగు తిరుమలరావు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నా సేతుల్లో ఏటీ నేదు బావా. నీ జాగాలో సింహాద్రిని ఏసుకున్నాను. ఆరు పాయింటంటే మనిషి లేవలేడు, తిండి సయించదు, కాళ్లు పొంగిపోతాయి. నువ్వు సూత్తే గోడలాగున్నావు. నాకే నమ్మకం సాలట్లేదు."

సన్యాసమ్మ నెత్తి కొట్టుకుంది. "రెండోవోడు కూడానా! ఒరే, ఇంకోపాలి తియ్యమని అడగరా!"

రామూర్తి అడగలేదు. సరంగు వైపు చూడలేదు. సుభద్ర పాదాల వైపు చూశాడు.

పన్నెండింటికి అశ్విని ఫోన్ చేసింది. "అక్కా" అంది. వెంటనే పెట్టేసింది.

శనివారం తెల్లవారుతూనే సింహాద్రి సంచితో రైలెక్కాడు. 9.15కి రామూర్తి, సుభద్ర పలాస ఆస్పత్రిలో ఉన్నారు. నర్సు రిపోర్టు చదివి తలెత్తింది.

"రామూర్తి ఎవరు?"

"నానే."

"రక్తం మళ్లీ తీయాల. కుర్చీలో కూసో."

రామూర్తి గోడ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఆ కుర్చీలో సుభద్ర కూర్చుని, గురువారం అశ్విని సూది గుచ్చిన చేతినే మళ్లీ చాపింది.