ఎంగిలి తోటకూర

“ఇదెక్కడి తోటకూర?” కంచంలో చెయ్యి ఆపి అడిగారు అత్తయ్యగారు.

“మన పెరట్లోదేనండీ. విత్తనం కడియం నర్సరీలో కొన్నాను. ఆమధ్య మహిళా సంఘం శిక్షణలో నేర్పినట్టు వంటింటి చెత్తతోనే ఎరువు చేసి వేశాను.”

“చెత్తంటే?”

“తొక్కలు, కంచాల్లో మిగిలిన అన్నం.”

“ఛీ! ఎంగిలి మెతుకులా?” కూరంతా కంచం అంచుకి నెట్టేశారు. “ఎంగిలి తిని పెరిగిన కూర నాకు పెడతావా? పొద్దున్నే ఆ మడి పీకించెయ్!”

“రేపు ఊళ్లో ఆడవాళ్లంతా దాన్ని చూడటానికే వస్తున్నారండీ. నేనే చూపించి నేర్పాలి.”

“అమ్మకి అంత అసహ్యంగా ఉంటే మానెయ్యొచ్చుగా ఉమా,” అన్నారు మా ఆయన. పులుసులో ములక్కాడ నమిలి, పిప్పి కంచం పక్కన ఊసి, చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

పిప్పి చుట్టూ ఉమ్మి నురగ కట్టింది. రోజూలాగే ఎత్తబోయాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“అత్తయ్యగారూ, ఎంగిలి మట్టిలో కలిస్తేనే మీకింత రోతగా ఉంది. అది రోజూ నా చేతికి అంటుతోందండీ.”

ఆవిడ ఆ పిప్పి వంక చూశారు. తర్వాత తన కుడిచెయ్యి చూసుకున్నారు.

“మీ మామగారిది ఆయన పోయేదాకా నేనే ఎత్తాను,” అన్నారు మెల్లగా.

“రేపటినుంచి ఎవరి ఎంగిలి వాళ్లే తీసి ఎరువు బకెట్లో వేసుకోవాలి. నేను ముట్టను,” అన్నాను.

మా ఆయన వాళ్లమ్మ వంక చూశారు.

“మడి ఉండనీ. కూర మాత్రం నాకొద్దు,” అన్నారావిడ. “రేపటిదాకా ఎందుకురా? నీ కంచం ఎత్తు.”