ఎండ్రకాయ చూపు

వాగులో ఉండే ఎండ్రకాయకి కొండెక్కాలని బుద్ధి పుట్టింది. నేస్తాలు మేకక్క, ఉడుత సరేనని పొద్దున్నే వెంటబెట్టుకుని బయల్దేరాయి.

"చిన్న కొండేలే తమ్ముడూ! శిఖరం మీంచి చూపు తిప్పకుండా నడు, చాలు," అని మేకక్క చెంగుచెంగున ఎక్కేసింది. ఉడుతా దాని వెనకే పోయింది.

మొహం ఎటుంటే దాని పక్కకి పోవడమే కదా ఎండ్రకాయ నడక! ఆ సంగతి మేకకీ తట్టలేదు, ఎండ్రకాయకీ తట్టలేదు. శిఖరాన్నే చూస్తూ బుద్ధిగా నడిచింది. ఒక చీమలపుట్ట వచ్చింది. నడవగా నడవగా మళ్ళీ అలాంటి పుట్టే వచ్చింది. ఇంకా నడిస్తే ఇంకోటి.

"ఈ కొండ నిండా పుట్టలేనా?" అని బిత్తరపోయింది.

"ఇంకా కిందే కొండ చుట్టూ తిరుగుతున్నావేం? శిఖరాన్ని చూడు!" అని పైనుంచి మేకక్క కేకేసింది.

"పొద్దుట్నించీ చూస్తూనే చచ్చాను కదక్కా!"

ఎండ్రకాయకి ఒళ్ళు మండిపోయింది. శిఖరమూ వద్దు, మీరూ వద్దని మొహం పక్కకి తిప్పేసుకుని, ఎటు పోతున్నదీ చూడకుండా విసవిసా నడిచింది. నడిచి నడిచి మేకక్క కాలికి గుద్దుకుంది.

"వచ్చేశావోయ్!" అని ఉడుత ఎగిరి గంతేసింది.

"ఎక్కడికి?"

"శిఖరానికి!"

ఎండ్రకాయ నాలుగు వైపులా వెతికి చూసింది.

"మరి ఇందాకటిదాకా కనబడింది, ఇప్పుడు కనబడదేం?"