పటేల్ ఇంటి తలుపులు

నేరేడుచర్ల పటేల్ ట్రాక్టర్ వరిమడిలో ఇరుసు దాకా దిగబడింది. మిలటరీలో ట్యాంకు నడిపి, పింఛన్ మీద తండాకొచ్చిన కిషన్‌ను పిలిపించాడు.

"మీ బండ్లు గిట్ల దిగబడకపోయేటివారా?"

"టైర్లవి దిగబడేటివి పటేలా. చెయిన్ల బండి తన బాట తనే పరుసుకుంటది. టైర్లకైతే మనం పరవాలె. వెడల్పు చెక్కలు గావాలె. మీ వాకిలి తలుపులు తెప్పియ్యుండ్రి."

టేకు తలుపుల మీదుగా ట్రాక్టర్ గట్టెక్కింది. తలుపులు రెండూ నిలువునా చీలిపోయాయి.

పటేల్ మొహం మాడిపోయింది. "గడ్డిమోపులేస్తే రాకపోతుండెనారా?"

"వస్తుండె పటేలా. మా అమ్మను పాము కరిసిననాడు, దవాఖానకు మీ ట్రాక్టర్ అడుగుదామని మా బాపు గీ తలుపులే కొట్టిండు. ఎంత కొట్టినా మీరు తియ్యలే."